బహువచనాలను కుటుంబాలుగా పట్టుకో

చిరంజీవి చిట్టికి,



ఇంగ్లిష్ బహువచనాల పట్టిక గోడకు అంటించుకుని బట్టీ పడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పరీక్షలో వాక్యంలోని తప్పు కనిపెట్టే ‘స్పాటింగ్ ఎర్రర్స్’ ప్రశ్నల దగ్గర మార్కులు పోతున్నాయని బెంగ పడుతున్నావట. అక్షరక్రమంలో పేర్చిన పట్టిక ఎన్నిసార్లు చదివినా బుర్రలో నిలవదమ్మా. ఆ మాటలను కుటుంబాలుగా పట్టుకో.

ఫుట్–ఫీట్, టూత్–టీత్, గూస్–గీస్, మ్యాన్–మెన్, మౌస్–మైస్ అన్నీ ఒకే ఇంటివి. వెయ్యేళ్లకు పైగా వెనక్కి వెళితే, వీటి బహువచనాల చివర ‘ఇ’ లాంటి ధ్వని ఉండేది. దాన్ని పలకడానికి నోరు ముందే సిద్ధపడటంతో మాట లోపలి అచ్చు మారిపోయింది. తర్వాత చివరి ధ్వని రాలిపోయింది, లోపలి మార్పు మాత్రం మిగిలింది. ఇది మనం ఎరగనిదేం కాదు. మనిషికి బహువచనం చెప్పమంటే ‘మనుషులు’ అంటావు. చివరి ‘లు’లో ఉన్న ఉకారం వెనక్కి పాకి రెండు ఇకారాలనూ తనలా మార్చేసింది చూడు. కత్తి కత్తులైనదీ అలాగే. మనకు ఆ ‘లు’ ఇంకా కనిపిస్తోంది, ఇంగ్లిష్‌లో ఆ తోక ఊడిపోయింది.

వుమన్ దగ్గర జాగ్రత్త. బహువచనంలో రాతకు మారేది రెండో అచ్చు, చెవికి బాగా తెలిసేది మొదటి అచ్చులో మార్పు: ‘విమిన్’ అనాలి. చాలామంది రెండింటినీ ఒకేలా పలికేస్తారు. నువ్వు గట్టిగా పలికి అలవాటు చేసుకో.

ఆక్సెన్, చిల్డ్రన్ మరో పాత ఇంటివి. చైల్డ్‌కు ‘చిల్డర్’ అనే బహువచనం ఉండగానే దానిమీద ఇంకో బహువచన ప్రత్యయం చేరి చిల్డ్రన్ అయింది. ఇక దానికి మూడోది తగిలించకు. నైఫ్, లీఫ్ మాటల చివరి ధ్వని మారి నైవ్స్, లీవ్స్ అవుతాయి. రూఫ్, చీఫ్, ప్రూఫ్ మారవు. గ్రీకు నుంచి వచ్చిన క్రైటీరియన్–క్రైటీరియా, ఫినామినన్–ఫినామినా జంటలు పరీక్షలో తరచూ తగులుతాయి. ‘దిస్ క్రైటీరియా’ కనిపిస్తే తప్పు అక్కడే ఉంది.

నిజానికి మనవాళ్లకు ఎక్కువ మార్కులు పోయేది అసలు బహువచనమే లేని మాటల దగ్గర. సలహాలు, సామాన్లు అనే అలవాటుతో అడ్వైస్‌కూ లగేజ్‌కూ చివర ‘ఎస్’ పెట్టేస్తాం. ఫర్నిచర్, ఇన్ఫర్మేషన్ కూడా ఈ కోవవే. నీళ్లు, పాలు మనకు ఎప్పుడూ బహువచనాలే. ఇంగ్లిష్‌లో వాటర్, మిల్క్ పక్కన ‘ఆర్’ రాదు, ‘ఈజ్’ రావాలి. పట్టికల్లో ఇవి ఒక మూలన ఉంటాయి గనక ఎవరూ పట్టించుకోరు.

ఆ కాగితం గోడమీంచి తీసేయ్ తల్లీ. రోజూ ఒక కుటుంబం తీసుకుని, ఒక్కో మాటకూ క్రియతో సహా సొంత వాక్యం రాయి. రాసినవి ఫొటో తీసి వాట్సాప్‌లో పంపు, దిద్ది పంపిస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న