కండపుష్టికి అమైనో ఆమ్లాల పొడులు అవసరమా?

వ్యాయామశాలకు వెళ్ళే కుమారునికి అమైనో ఆమ్లాల పొడి కొనిపెట్టవచ్చునా అని తల్లిదండ్రులు నన్ను తరచుగా అడుగుతున్నారు. డబ్బాపై ఉన్న బొమ్మను చూస్తే అది మాంసధాతువును నేరుగా వృద్ధి చేసే ఔషధమనే భ్రమ కలుగుతుంది.

దేహంలోని మాంసకృత్తులు 20 అమైనో ఆమ్లాల కూర్పు. వీటిలో తొమ్మిదింటిని శరీరం స్వయంగా తయారు చేసుకోలేదు. అవి ఆహారం ద్వారానే లభించాలి. బి.సి.ఏ.ఏ. అనే పేరుతో అమ్మే పొడులలో ఉండేవి లూసిన్, ఐసోలూసిన్, వాలిన్ అనే మూడు మాత్రమే. లూసిన్ కండర నిర్మాణాన్ని ప్రేరేపించే మాట నిజమే. కానీ మేస్త్రీని పిలిచి ఇటుకలు ఇవ్వకపోతే గోడ లేస్తుందా? తక్కిన ఆరూ ఆహారంలో అందకపోతే శరీరం వాటిని తన కండల నుండే తీసుకోవలసి వస్తుంది.

బియ్యంలో లైసిన్ తక్కువ, పప్పులలో మిథియోనిన్ తక్కువ. పప్పన్నంలో ఒకదాని లోటును మరొకటి పూరిస్తుంది. పాలు, గుడ్లలో తొమ్మిదీ సమృద్ధిగా ఉన్నాయి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, 100 గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులు లభిస్తాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో పెద్దలకు రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాములు చొప్పున సిఫారసు చేసింది. అంటే 60 కిలోల యువకునికి 50 గ్రాములు. కఠిన సాధన చేసే క్రీడాకారులకు కిలోకు 1.2 నుండి 2 గ్రాముల వరకు అవసరం కావచ్చు. కండపుష్టికి మాంసకృత్తుల పొడులు వాడవద్దని అదే సంస్థ 2024లో సూచించింది. అన్నం కుప్పగా పెట్టుకుని పప్పు గరిటెడే వేసుకునే మన అలవాటే అసలు లోపమని నా అభిప్రాయం. నా వద్దకు వచ్చిన ఒక కుటుంబంలో అన్న డబ్బా ఖర్చు కోసం చెల్లెలికిచ్చే పాలు మాన్పించారు!

రస, రక్త ధాతువుల తరువాతనే మాంసధాతువు ఏర్పడుతుందని, దీనికంతటికీ జఠరాగ్ని మూలమని గురుకులంలో మాకు బోధించారు. ఆకలి లేనివాడు ఎంత తిన్నా ప్రయోజనం స్వల్పం. వ్యాయామాన్ని అర్ధశక్తి వరకే చేయాలని సుశ్రుతుడు చెప్పాడు. నుదుట, చంకలలో చెమట పట్టడం, నోరెండడం దానికి గుర్తులు. పోటీలకు సిద్ధమయ్యేవారు శిక్షకుని పర్యవేక్షణలో క్రమంగా పెంచుకోవాలి.

అమైనో ఆమ్లమే కదా, హాని ఏముంటుందని అనుకోరాదు. 1989లో అమెరికాలో ట్రిప్టోఫాన్ మాత్రలు వాడిన 1500 మందికి పైగా తీవ్రమైన కండరాల నొప్పులతో వ్యాధిగ్రస్తులయ్యారు, కొందరు మరణించారు. తయారీలో చేరిన మాలిన్యాలను అందుకు ముఖ్యకారణంగా గుర్తించారు.

మూత్రపిండ, కాలేయ వ్యాధులున్నవారు, గర్భిణులు వైద్యుని అనుమతి లేనిదే ఈ పొడులను ముట్టరాదు. ఇప్పటికే వాడుతున్నవారు ఏ చికిత్సకు వెళ్ళినా ఆ డబ్బాను వెంట తీసుకువెళ్ళి వైద్యునికి చూపించాలి.