ఈ ఇల్లు ఎప్పుడు ఇప్పుతారక్కా?

పోయిన సంవత్సరం కొన్ని శనివారాలు మేం నలుగురం వైట్‌ఫీల్డ్ అవతల ఒక పెద్ద అపార్ట్‌మెంట్ కడుతున్న చోటికి వెళ్లి పిల్లలకి కథలు చదివేవాళ్లం. అక్కడ పనిచేసేవాళ్లలో చాలామంది ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుంచి వచ్చినవాళ్లు. కట్టడం పక్కనే వరసగా రేకుల షెడ్లు. పిల్లలు ఇసక కుప్ప మీద, మేం ఖాళీ సిమెంటు బస్తాల మీద.

ఒకరోజు బొమ్మల పుస్తకం తెరిచి మొదటి పేజీ చూపించాను. పెంకుటిల్లు, వాకిట్లో ముగ్గు, అరుగు మీద పేపరు చదువుతున్న తాతయ్య. "ఇది ఏంటి?" అని అడిగాను, బొమ్మ చూపించి మాట్లాడించాలని మాకు చెప్పారు కాబట్టి. ఒక ఐదేళ్ల పాప ఆ ఇంటి మీద వేలు పెట్టి నన్నే తిరిగి అడిగింది: "ఈ ఇల్లు ఎప్పుడు ఇప్పుతారక్కా?"

నాకు అర్థం కాలేదు. ఇప్పడం ఏంటి? వాళ్లన్న నవ్వి చెప్పాడు. బిల్డింగు అయిపోతే మేస్త్రీ రేకులన్నీ ఇప్పించి లారీలో ఎక్కిస్తాడట, ఇంకోచోట మళ్లీ బిగిస్తారట. ఆ పాపకి తెలిసిన ఇల్లు అదే. ఇల్లంటే బోల్టులు పెట్టి బిగించేది, పని అయిపోతే ఇప్పేసేది.

ఆ పుస్తకంలో తప్పేం లేదు. బొమ్మలు బాగున్నాయి, భాష తేలిగ్గా ఉంది. కానీ ఆ పాప అందులో లేదు. ఈ వ్యాసం అక్కడి నుంచే మొదలైంది.

ఈ మాట మొదట గట్టిగా లెక్కలతో చెప్పింది అమెరికాలో నాన్సీ లారిక్ అనే ఆవిడ. 1965లో ఆమె రాసిన వ్యాసం పిల్లల పుస్తకాల లోకమంతా తెల్లవాళ్లదే అని చూపించింది. 1962 నుంచి 1964 దాకా మూడేళ్లలో వచ్చిన 5,206 పుస్తకాలని లెక్కలోకి తీసుకుంటే, వాటిలో ఒక్క నల్లజాతి మనిషైనా కనిపించినవి 349. అంటే 6.7 శాతం. ఆమెని ఈ పనికి పురికొల్పింది కూడా ఒక ఐదేళ్ల నల్లజాతి పిల్ల అడిగిన ప్రశ్నే: పుస్తకాల్లో ఎప్పుడూ తెల్ల పిల్లలే ఎందుకుంటారు అని. (ఐదేళ్ల పిల్లల ప్రశ్నల మీద ఎవరైనా ఎం.ఫిల్ చెయ్యాలి.) తర్వాత 1990లో రుడీన్ సిమ్స్ బిషప్ అనే ఆఫ్రికన్ అమెరికన్ ప్రొఫెసర్ దీన్ని ఇంకా సులువుగా చెప్పారు. పుస్తకం కొందరు పిల్లలకి అద్దం, ఇంకొందరికి కిటికీ. కొందరికి ఎప్పుడూ కిటికీయే దొరికి అద్దం దొరక్కపోతే, తాము చూడదగినవాళ్లం కాదేమో అనుకుంటారు. ఎప్పుడూ అద్దమే దొరికే పిల్లలకీ నష్టమే, లోకమంతా తమలాగే ఉందనుకుంటారు. ఆ రెండో రకం పిల్లని నేనే. నా చిన్నప్పటి పుస్తకాలన్నిటిలో మా తాతయ్య లాంటి తాతయ్యే ఉండేవాడు, నేనెప్పుడూ గమనించలేదు.

మన దగ్గర తెల్ల, నల్ల అనే గీత కాదు. కులం, మతం, ఊరు, మాట్లాడే యాస. ఇవి బడిలో అడుగుపెట్టక ముందే పిల్లల మీద పనిచేస్తాయి. దీన్ని తెలుగువాళ్లలో చాలా ముందుగా పట్టుకున్న మనిషి భాగ్యరెడ్డి వర్మ. 1906లో హైదరాబాదులో జగన్మిత్ర మండలి స్థాపించారు. 1910లో ఇసామియా బజార్‌లోనూ లింగంపల్లిలోనూ దళిత పిల్లల కోసం బడులు పెట్టారు. ఆ బడులు 26 దాకా పెరిగాయి, సుమారు 2,500 మంది చదివారు. నిజాం రాజ్యంలో సర్కారు చదువంతా ఉర్దూలో సాగుతున్న రోజుల్లో ఈ బడుల్లో పాఠం తెలుగులో చెప్పారు. తర్వాత ప్రభుత్వం వాటిని తన కిందికి తీసుకుంది. నాకు ఇందులో ముఖ్యంగా తోచిన సంగతి ఇది. బయటివాళ్లెవరో దయతలచి పెట్టిన బడులు కావు. ఆ వాడలవాళ్లే, ఆ పిల్లల మనుషులే, తమ పిల్లలకి తమ భాషలో అక్షరం నేర్పించుకున్నారు. సేవ అనే మాట మనం వాడే తీరుకీ దీనికీ చాలా దూరం.

పుస్తకాల సంగతికొస్తే, హైదరాబాదులోని అన్వేషి స్త్రీల అధ్యయన సంస్థ 2008లో ఒక వరస పిల్లల కథలు తెచ్చింది, తెలుగు, మలయాళం, ఇంగ్లీషు మూడు భాషల్లో. దళిత పిల్లలు, ముస్లిం పిల్లలు, పనిచేసుకునే పిల్లలు ఆ కథల్లో పక్క పాత్రలు కాదు, కథ వాళ్లదే. గోగు శ్యామల రాసిన తాటకి కథలో పొలానికి నీళ్లు పెట్టే పిల్ల తన మీదికొచ్చిన దొరని ఎదిరించి నిలబడుతుంది. 'దర్గామిట్ట కథలు' రాసిన మహమ్మద్ ఖదీర్ బాబు కథలో ఇంట్లో తలకాయ కూర వండటమే పండగ. పిల్లల కథలో ఎప్పుడూ పాయసమూ లడ్డూలే ఎందుకుండాలి అని నాకు ఇది చదివాకే తట్టింది. అయితే ఇవి కొంచెం పెద్ద పిల్లలకి. ఇసక కుప్ప మీద కూర్చునే ఐదేళ్లవాళ్లకి ఇంకా చిన్నవి కావాలి, పేజీకి రెండే వాక్యాలు ఉండేవి.

అవి మన ఊళ్లోనే తయారవుతున్నాయి. రోహిణి నీలేకని తదితరులు 2004లో బెంగళూరులో మొదలుపెట్టిన లాభాపేక్ష లేని సంస్థ ప్రథమ్ బుక్స్. ఆ సంస్థ 2015 సెప్టెంబర్ 8న, అంటే అంతర్జాతీయ అక్షరాస్యతా దినం నాడు, స్టోరీవీవర్ ప్రారంభించింది. ఇందులోని కథలని ఎవరైనా ఉచితంగా చదవచ్చు, అచ్చు వేసుకోవచ్చు, తమ భాషలోకి తెచ్చుకోవచ్చు. రచయిత పేరూ బొమ్మలు గీసినవారి పేరూ వేస్తే చాలు. కథలకి నాలుగు స్థాయిలుంటాయి. మొదటి స్థాయి కథ 250 మాటలు దాటదు. అనువాదాల్లో చాలా భాగం ఊరికే, డబ్బు తీసుకోకుండా చేసేవాళ్లవి. మన బి.ఏ. తెలుగు చదువుకి ఇంతకంటే దగ్గరి పని ఇంకోటి లేదని నాకనిపిస్తుంది.

కానీ చేసి చూస్తే తెలుస్తుంది. నేనూ ఒక కథ మొదలుపెట్టాను. అందులో ఒక అమ్మాయి సంతలో ఒక పొట్లం కొనుక్కుంటుంది. పొట్లంలో ఉన్నవి వేరుశనగలు అని రాశాను. చదివి వినిపిస్తే పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. బొమ్మ చూపించాక ఒకడు, "ఓ, శెనక్కాయలా!" అన్నాడు. పక్కనే మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన పిల్లాడు "పల్లీలు" అన్నాడు. వాళ్లలో ఇక్కడ అంగన్‌వాడీకి వెళ్లే పాప మాత్రం "కడలేకాయి" అంది. మా ఇంట్లో అమ్మది కన్నడ, నాన్నది తెలుగు. కాబట్టి నాకు బసవనగుడి కడలేకాయి పరిషె తెలుసు, నాన్న చెప్పే వేరుశనగ తెలుసు. శెనక్కాయ మాత్రం తెలీదు. నేను తెలుగు స్టూడెంట్‌ని!

అలాగే నాయనమ్మ. రాయలసీమలో చాలా ఇళ్లలో నాయనమ్మ అంటే జేజి. నేను రాసిన "నాయనమ్మ"ని ఒక పిల్ల "నాయన వాళ్లమ్మ" అని తనకి తాను విడదీసి చెప్పుకుని, "అంటే జేజా?" అంది. ఆ ఒక్క మాట దగ్గరే కథ ఆగిపోయింది. పెద్దవాళ్లం అలాంటి చోట దాటుకుని పోతాం. అక్షరాలే కొత్తగా నేర్చుకుంటున్న పిల్లకి అక్షరమూ కొత్తే, మాటా కొత్తే అయితే చదవడం అంటే శిక్ష అయిపోతుంది. అందుకే చిన్న తరగతుల్లో ఇంటి భాష కావాలంటారు. అయితే ఇంటి భాష అన్నప్పుడు ఎవరి ఇంటి భాష అని అడగాలి. ప్రమాణ భాష అని మనం క్లాసులో చదువుకునేది కూడా ఏదో ఒక జిల్లాలో కొందరి ఇంటి భాషే కదా. నా అభిప్రాయం ఏంటంటే మొదటి స్థాయి కథలకి ఒక తెలుగు అనువాదం చాలదు. సీమకొకటి, తెలంగాణకొకటి ఉండాలి. స్టోరీవీవర్‌లో ఆ వీలు ఉంది, అదే కథకి ఇంకొకరు ఇంకో రూపం రాయొచ్చు. రాసేవాళ్లే కావాలి.

ఇక అసలు ఇబ్బంది చెప్పాలి. ఇంటర్నల్స్ వచ్చాయి, మేం నాలుగు వారాలు వెళ్లలేదు. ఐదో శనివారం పుస్తకాలు పట్టుకుని వెళ్తే రేకులు లేవు. బోల్టులు బిగించిన గుంటలు మాత్రం ఉన్నాయి. వాచ్‌మన్‌ని అడిగితే వేరే సైటుకి పోయారన్నాడు, ఏ సైటో అతనికీ తెలీదు. మా వాలంటీర్ సర్టిఫికెట్లు మాత్రం టైముకి వచ్చాయి.

చట్టంలో ఏముందో అప్పుడు చూశాను. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం అమల్లో ఉన్నప్పుడు దాని ప్రకారం 50 మందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట ఆరేళ్ల లోపు పిల్లలకి శిశు సంరక్షణ కేంద్రం ఉండాల్సి ఉండేది. అది యజమాని బాధ్యత. ఈ పని మన దేశంలో ముందు చేసి చూపించింది కూడా స్వచ్ఛంద సేవకులే. 1969లో ఢిల్లీలో గాంధీ శతజయంతి ప్రదర్శన కోసం కట్టడాలు జరుగుతున్న చోట, కూలీల పిల్లలు ఎండలో మట్టిలో పడి ఉండటం చూసి మీరా మహదేవన్ మొబైల్ క్రెషెస్ మొదలుపెట్టారు. దయగా మొదలైంది తర్వాత హక్కుగా కాగితం మీదికి ఎక్కింది. మేం వెళ్లిన చోట మాత్రం కాగితం మీదే ఉండిపోయింది. శనివారం గంటసేపు కథ చదివి మేం ఆ లోటు కనపడకుండా చేశామా అని అనుమానం వస్తుంది.

అమెరికాలో మిసిసిపీ రాష్ట్రం కథ దీనికి పనికొస్తుంది. 1965 వేసవిలో పేద పిల్లల కోసం అక్కడి ప్రభుత్వం హెడ్ స్టార్ట్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. మిసిసిపీలో ఆ కేంద్రాలని చైల్డ్ డెవలప్‌మెంట్ గ్రూప్ ఆఫ్ మిసిసిపీ నడిపింది. పాఠం చెప్పినవాళ్లలో చాలామంది ఆ ఊళ్ల నల్లజాతి ఆడవాళ్లే, పొలాల్లో, తెల్లవాళ్ల ఇళ్లలో పనిచేసినవాళ్లు. పిల్లలు చెప్పే మాటలనే రాసి పుస్తకాలుగా కుట్టారు. ఆ రాష్ట్రం సెనేటర్ పగబట్టాడు, డబ్బు ఆగిపోయింది. అప్పుడు ఆ ఆడవాళ్లు జీతం లేకుండానే నెలల తరబడి కేంద్రాలు నడిపారు. అంతటితో సరిపెట్టుకోలేదు. 1966 ఫిబ్రవరిలో 48 మంది చిన్నపిల్లల్ని బస్సుల్లో వాషింగ్టన్ తీసుకెళ్లి, చట్టసభ కమిటీ గదిలోనే బొమ్మలు, రంగులు పరిచి బడి నడిపారు. ఆ నెలలోనే డబ్బు మంజూరైంది. ఊరికే పనిచేశారు, కానీ ఊరికే చెయ్యడం న్యాయమని ఒప్పుకోలేదు.

మన ఊళ్లో దీనికి దగ్గరగా ఉన్నవాళ్లు వాలంటీర్లం మేం కాదు, అంగన్‌వాడీ టీచర్లు. 1975 అక్టోబర్ 2న ఐసీడీఎస్ దేశంలో 33 చోట్ల మొదలైంది, కర్ణాటకలో టి.నరసీపురలో. అప్పటినుంచీ ఆ కార్యకర్తలు ప్రభుత్వ లెక్కలో ఉద్యోగులు కారు, గౌరవ సేవకులు. వాళ్లకిచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. కర్ణాటక నుంచే వెళ్లిన ఒక కేసులో 2006లో సుప్రీంకోర్టు వాళ్లది ప్రభుత్వ పదవి కాదని చెప్పింది. 2022లో ఇంకో తీర్పులో గ్రాట్యుటీకి మాత్రం వాళ్లు అర్హులేనంది. ఈ రెండు తీర్పుల మధ్య, 2017 మార్చిలో, వేలమంది అంగన్‌వాడీ ఆడవాళ్లు వేతనం పెంచమని ఫ్రీడమ్ పార్క్ దగ్గర రాత్రిళ్లు రోడ్డు మీదే పడుకున్నారు. పాపని "కడలేకాయి" అనేలా చేసిన టీచర్ కూడా వాళ్లలో ఒకరయ్యుండొచ్చు. ఆరు శనివారాలకి నాకు సేవ అని సర్టిఫికెట్ ఇచ్చారు. ముప్పై ఏళ్లు రోజూ చేసినవాళ్లకి కూడా అదే మాట పెట్టి జీతం తగ్గించారు.

కాబట్టి వెళ్లడం మానేయాలా? మా నలుగురిలో ఇద్దరం మానేశాం. మిగతా ఇద్దరం ఇప్పుడు మా ఇంటికి దగ్గరున్న అంగన్‌వాడీకి వెళ్తున్నాం. అక్కడ టీచర్ ఏది చెప్తే అది చేస్తాం. ఆవిడకి తెలుగు రాదు. గదిలో 19 మంది పిల్లల్లో 7 గురికి ఇంట్లో తెలుగే. కథ ఆవిడ కన్నడలో చెప్తారు, మేం పక్కన కూర్చుని తెలుగులో అందిస్తాం. మేం రాని రోజు కోసం ముఖ్యమైన తెలుగు మాటలు కన్నడ లిపిలో రాసి గోడకి అంటించమని ఆవిడే అడిగారు. ఆ పట్టికకే సాయం కావాలి.

ఈ గోడపత్రిక కింద ఒక నోట్‌బుక్ వేలాడదీశాను. మొదటి పేజీలో శెనక్కాయ, రెండో పేజీలో జేజి, మూడో పేజీలో ఇల్లు, ఇప్పడం. మీ ఇంట్లో, మీ ఊళ్లో ఏమంటారో ఊరి పేరుతో సహా రాయండి. మేడమ్‌లు కూడా రాయాలి. పెన్ను దారంతో కట్టాను, దయచేసి తీసుకుపోకండి.