ఎండకి మల్లె, చలికి వెనిల్లా

చిరంజీవి చిట్టితల్లికి అత్తయ్య ఆశీస్సులు.

రెండు సెంటు సీసాల ఫొటో అందింది. ఒకటి వెనిల్లా, ఒకటి మల్లె. రెండూ తీపి వాసనలే, ఏది ఎప్పుడన్నది ప్రశ్న. ఫిలింనగర్‌లో డబ్బింగ్ పనికి వెళ్లబోయే పిల్లకి ఇది చిన్న ప్రశ్నేమీ కాదు.

వెనిల్లా సెంటు చలిదేశాల్లో పేరు తెచ్చుకుంది. పారిస్‌లో గెర్లాన్ వాళ్లు 1925లో తెచ్చిన షాలిమార్‌కి పేరు మన మొఘల్ తోటలదే, తీపి మాత్రం వెనిల్లాది. అందులోని వెనిలిన్ మెల్లగా ఆవిరయ్యే పదార్థం. డిసెంబరు రాత్రి జూబ్లీహిల్స్‌లో ఆరుబయట రిసెప్షన్‌కి వెళితే ఒంటిని అంటిపెట్టుకుని గంటల తరబడి నిలుస్తుంది. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం అదే వాసన చెమటతో కలిసి గుప్పుమంటుంది. ముదురుపాకం కాగుతున్న పొయ్యి పక్కన నిలబడ్డట్టే.

మల్లె అలా కాదు. వేసవి పువ్వది. సాయంత్రం జడలో మూర పూలు తురుముకునే మనవాళ్లకి ఆ తీపి ఎండాకాలంలోనే అలవాటు. చార్మినార్ దగ్గరి అత్తరు దుకాణాల లెక్కా ఇదే: ఎండకి మల్లె, వట్టివేళ్లు, చలికి హీనా, షమామా. కన్నౌజ్‌లో రాగి పాత్రల్లో పూలూ నీళ్లూ కాచి, ఆ ఆవిరిని గంధం నూనెలోకి దింపి చేసే సరుకు అది. మూత తీసి వాసన చూడగానే కొనకూడదు. ముంజేతి మీద ఒక చుక్క రాయించుకుని లాడ్‌బజార్ అంతా తిరిగి రావాలి. అరగంట తర్వాత మిగిలేదే అసలు వాసన.

డబ్బింగ్ థియేటర్‌కి మాత్రం రెండూ వద్దు. కిటికీలుండవు, తలుపులు మూసి ఏసీ వేస్తారు, ఒక్కోసారి ఒకే మైకు ముందు ఇద్దరు ముగ్గురు నిలబడాలి. ఘాటుకి పక్కవారి గొంతు పట్టేసి దగ్గు వచ్చిందా, ఆ టేకు పోయినట్టే. గొంతే అక్కడ అందరికీ కూడు పెట్టేది.

ఆషాఢంలో బోనాలకి పెద్దమ్మ గుడికి వెళ్లే రోజు మల్లె, అదీ ఒక్క చుక్క.

ముత్యాల సంగతి మరవకూడదు. సెంటు తగిలితే వాటి మెరుపు తగ్గుతుంది. ముందు సెంటు, అది ఆరాక దండ. వెనిలిన్ ఎక్కువున్న సెంటు తెల్లచీర మీద పడితే కొన్నాళ్లకి గోధుమరంగు మరక తేలుతుంది. మెడకీ మణికట్టుకీ చాలు, బట్టలకి వద్దు.

సీసాలు రెండూ బీరువాలో, వెలుతురు తగలని అరలో ఉంచు తల్లీ. వెనిల్లాని దీపావళి దాటాక తీయి.

ఇట్లు,
అత్తయ్య