చిన్న కుక్క – పెద్ద జాగ్రత్త

మీ ఇంట్లో టెర్రియర్ కుక్కపిల్ల ఉందా? అయితే ముందు దాని స్వభావం తెలుసుకోండి. ఎలుకలను, నక్కలను బొరియల్లోంచి తరమడానికి ఎక్కువగా బ్రిటన్, ఐర్లండ్‌లలో పెంచిన జాతులివి. మనిషి చూస్తే చిన్నది, ఓపిక మాత్రం చాలా ఎక్కువ. ఆ ఓపికకు పని లేకపోతే చెప్పులు కొరుకుతుంది, పూలకుండీలు తవ్వుతుంది. దానికి కొట్టడం మందు కాదు. రోజూ రెండు పూటలా తిప్పడమే మందు.

విశాఖ ఎండలో మధ్యాహ్నం తారు రోడ్డు దాని పాదాలను కాలుస్తుంది. తెల్లవారుజామున, పొద్దు వాలాక తీసుకెళ్ళండి. బీచ్‌లోనైనా గొలుసు విప్పకండి. వీధి కుక్క ఎదురైతే ఇది వెనక్కి తగ్గదు.

మనది ఓడరేవు ఊరు, ఎలుకలకు కొదవ లేదు. ఎలుక మూత్రం ద్వారా వ్యాపించే లెప్టోస్పైరోసిస్ కుక్కకు సోకితే, దాని మూత్రం ద్వారా మనకూ రావచ్చు. ఈ టీకా గురించి పశువుల డాక్టరును అడగండి. మూడు నెలల వయసులో రేబిస్ టీకా, ఆ తర్వాత డాక్టరు చెప్పిన గడువులో మళ్ళీ మళ్ళీ వేయించడం తప్పనిసరి.

"మన కుక్కే కదా" అని గాటును తేలిగ్గా తీసుకోకండి. గోరు గీరుకున్నా సరే, వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం పూయకండి. అదే రోజు డాక్టరుకు చూపించండి. కేజీహెచ్ వంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ టీకా ఉచితం. రేబిస్ లక్షణాలు కనబడ్డాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం.

ఒక్క మాట. తిడతారన్న భయంతో పిల్లలు గాటును దాచిపెడతారు. వారిని తిట్టకండి. ప్రేమగా అడిగి, చేతులూ కాళ్ళూ చూడండి.