దాచినది దొరకాలంటే?

పాతకాలపు వర్తకులు కొట్లో రెండు పుస్తకాలు ఉంచుకొనేవారు. ఒకటి చిట్టా, రెండోది ఆవర్జా. ఏ బేరం జరిగినా ముందు చిట్టాలో తేదీవారీగా రాసేవారు. తీరిక చూసుకొని ఆ పద్దులనే ఎవరి పేరు కింద వారివి ఆవర్జాలోకి ఎక్కించేవారు. ఒకే లెక్కను రెండుసార్లు రాయడం దేనికి? చిట్టా జరిగినదాన్ని పోకుండా కాపాడుతుంది. ఆవర్జా కావలసినదాన్ని త్వరగా చూపిస్తుంది. ఈ రెండు పనులూ ఒక్క పుస్తకంతో బాగా సాగవు.

కంప్యూటరులో సమాచారాన్ని దాచే ప్రోగ్రాములు రాసేవారికీ ఇదే చిక్కు ఎదురవుతుంది. ఇలాంటి పనులకు కొందరు సిద్ధంగా రాసి ఉంచిన ప్రోగ్రాము భాగాలను 'లైబ్రరీ' అంటారు. దీన్ని ఎవరైనా తమ ప్రోగ్రాములో చేర్చుకోవచ్చు. లోపలి రాత అందరికీ కనిపించేలా, ఎవరైనా చదివి మార్చుకొనేలా విడుదల చేస్తే అది 'ఓపెన్ సోర్సు' లైబ్రరీ. డగ్ కట్టింగ్ అనే అమెరికన్ 1999లో రాయడం మొదలుపెట్టిన 'లూసీన్' అలాంటిదే. తెలుగు వికీపీడియాలో మీరు ఒక మాట కోసం వెతికితే, ఆ పని లూసీన్ ఆధారంగానే జరుగుతుంది.

ఒక సంగతి ఒకేచోట

కామారెడ్డి జిల్లాలోని నస్రుల్లాబాద్‌నే తీసుకోండి. ఈ జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడింది. అంతకుముందు ఈ ఊరు నిజామాబాదు జిల్లాలో ఉండేది. అక్కడి వెయ్యిమంది విద్యార్థుల వివరాలు కంప్యూటరులో ఉన్నాయనుకోండి. ప్రతి పేరు పక్కనా జిల్లా పేరు రాసి ఉంటే, జిల్లా మారిన రోజున వెయ్యిచోట్ల దిద్దాలి. ఒక్కచోట మరచిపోయినా ఒక విద్యార్థి పాత జిల్లాలోనే ఉండిపోతాడు.

అలా కాక, విద్యార్థి పక్కన ఊరి పేరు మాత్రమే రాసి, ఆ ఊరు ఏ జిల్లాలో ఉన్నదో వేరే పట్టికలో ఒక్కసారి రాస్తే? దిద్దవలసింది ఒక్కచోటే. దాచేటప్పుడు పాటించే మొదటి నియమం ఇదే: ఒక సంగతి ఒకేచోట ఉండాలి.

వెతకడానికి మరో పట్టిక

వెతికేటప్పుడు ఈ నియమం తలకిందులవుతుంది. ఈ మూడు వాక్యాలు చూడండి.

1. నస్రుల్లాబాద్ కామారెడ్డి జిల్లాలో ఉంది.
2. బాన్సువాడ కామారెడ్డి జిల్లాలో ఉంది.
3. బోధన్ నిజామాబాదు జిల్లాలో ఉంది.

'కామారెడ్డి' ఎక్కడెక్కడ ఉందో తెలియాలంటే మూడూ చదవాలి. వాక్యాలు మూడు కోట్లు ఉంటే? అందుకని ముందే మాటల పట్టిక తయారుచేస్తారు: కామారెడ్డి – 1, 2, నిజామాబాదు – 3, జిల్లాలో – 1, 2, 3. ఇక వాక్యాల జోలికి పోకుండానే జవాబు దొరుకుతుంది. ఇక్కడ ఒకే వాక్యం సంఖ్య ఎన్నో మాటల ఎదుట కనిపిస్తుంది. ఇదే కంప్యూటరు ఆవర్జా. దీన్ని సూచిక అందాం.

కరెంటు పోతే?

ఇప్పుడు సమాచారం ఒకచోట, సూచిక మరొకచోట ఉన్నాయి. ఒకటి రాసి రెండోది రాసేలోగా కరెంటు పోతే రెండూ పొసగవు. ఏది ముందు రాయాలి? ఆలోచించండి.

సూచిక ముందు రాస్తే, అది లేని సమాచారాన్ని ఉన్నట్లు చూపవచ్చు. సమాచారం ముందు రాస్తే, కొద్దిసేపు అది దొరక్కపోవచ్చు కాని పోదు. సూచిక పాడైతే సమాచారాన్ని మళ్ళీ చదివి కొత్తది తయారుచేసుకోవచ్చు. సమాచారం పోతే సూచిక నుంచి దాన్ని పూర్తిగా రాబట్టలేం. అందుకే లూసీన్‌ను వాడుకొనే 'హైబర్నేట్ సెర్చ్' అనే ఓపెన్ సోర్సు లైబ్రరీ, మామూలుగా సమాచారం డేటాబేసులో ఖాయమయ్యాకనే సూచికను మారుస్తుంది.

ఒక్క గుర్తు తేడా

మన ఊరి పేరును కొందరు 'నస్రుల్లాబాద్' అనీ, కొందరు 'నసురుల్లాబాద్' అనీ రాస్తారు. కంప్యూటరు తెలుగు రాతను అక్షరాలు, గుణింతపు గుర్తులు, పొల్లుగా విడదీసి దాచుకొంటుంది. ఆ లెక్కన రెండు పేర్లలోనూ 13 గుర్తులే ఉన్నాయి. తేడా మూడో గుర్తులో మాత్రమే: ఒకదానిలో పొల్లు, రెండోదానిలో కొమ్ము. మనకు రెండూ ఒకే ఊరు. యంత్రానికి మాత్రం రెండు వేర్వేరు మాటలు! ఒక రాతతో నమోదైన విద్యార్థిని మరో రాతతో వెతికితే 'లేడు' అని జవాబు వస్తుంది. ఆ జవాబును నమ్మితే అతని ఉపకారవేతనం ఆగిపోవచ్చు. వివరాలు భద్రంగానే ఉన్నా దొరకలేదు గనుక, అతనికి అవి లేనట్లే.

ఒక మాటను మరో మాటగా మార్చడానికి ఎన్ని గుర్తులు దిద్దాలో లెక్కించే కొలతను సోవియట్ గణితజ్ఞుడు లెవెన్‌స్టైన్ 1965లో ప్రతిపాదించాడు. లూసీన్‌లో కావాలంటే రెండు గుర్తుల తేడా వరకు అనుమతించవచ్చు. అయితే ఎప్పుడూ అనుమతించడం మంచిదేనా? 'కల', 'కళ' – వీటికీ ఒక్క గుర్తే తేడా!

తెలుగులో ఇంకో చిక్కు ఉంది. 'జిల్లా', 'జిల్లాలో', 'జిల్లాకి' ఒకే మాట రూపాలు. లూసీన్‌లో తెలుగుకోసం ఉన్న భాగం ఇలాంటి ప్రత్యయాలను తొలగించి వెతుకుతుంది. కాని చివరి 'లు' కనిపించినప్పుడల్లా తెగ్గొడితే 'పాలు' కాస్తా 'పా' అయిపోతుంది. కనుక ఎక్కడ ఆగాలో కూడా ముందే నిర్ణయించాలి.

మీరే చేసి చూడండి

మీ పాఠంలోని పది వాక్యాలకు సంఖ్యలు వేయండి. ఒక్కో మాటకు ఒక్కో చీటీ రాసి, ఆ మాట ఉన్న వాక్యాల సంఖ్యలు వేయండి. చీటీలను అకారాది క్రమంలో పేర్చండి. ఇప్పుడు ఒక వాక్యాన్ని మార్చండి. ఎన్ని చీటీలు దిద్దవలసి వచ్చింది? ప్రత్యయాలున్న మాటలకు వేరే చీటీ రాశారా, ఒకే చీటీతో సరిపెట్టారా? ఎందుకలా చేశారో మీ మిత్రులకు వివరించండి. లైబ్రరీ రాసేవారు తేల్చుకోవలసిన ప్రశ్నలు కూడా ఇవే.