బండికీ కీళ్లుంటాయి

మోకాలి కీళ్లు అరిగితే మనకు నడక కష్టమవుతుంది. గడప దాటాలన్నా బాధే. బండికీ కీళ్లుంటాయి. అవి అరిగితే బండి కూడా మొరాయిస్తుంది. ఈ పాఠంలో పాత పికప్ బండి క్లచ్ కీళ్ల గురించి తెలుసుకుందాం.

"బండి సంగతి మనకెందుకు? డ్రైవరు చూసుకుంటాడు కదా!" అని మీరనవచ్చు. నిజమే, బండి నడిపేది డ్రైవరే. కానీ బండి అప్పు తీర్చేది ఎవరు? రిపేరు బిల్లు కట్టేది ఎవరు? డబ్బు మనదైనప్పుడు, దేనికి కడుతున్నామో మనకు తెలియాలి.

ఒక మహిళా సంఘానికి పాత పికప్ బండి ఉందనుకుందాం. రోజూ తెల్లవారుజామున కూరగాయలు మార్కెట్టుకు తోలుతారు. ఒకరోజు గేరు సరిగా పడలేదు. కరకరమని చప్పుడు వచ్చింది. డ్రైవరు, సంఘం అక్క ఇలా మాట్లాడుకున్నారు.

"అక్కా, క్లచ్ పోయింది. ప్లేటు మార్చాలంట. గేర్‌బాక్సు దించాలంట."

"ఎవరన్నారు తమ్ముడూ?"

"షెడ్డులో అన్నారక్కా."

"బండి కిందికి దూరి చూశారా?"

"లేదక్కా. చప్పుడు విని చెప్పేశారు."

"అయితే ముందు కింద చూడమను. ప్లేటు సంగతి తర్వాత."

ఆ అక్క మంచి మాట అన్నది. ఎందుకో చూద్దాం.

క్లచ్ ఏం చేస్తుంది?

బండి స్టార్టు చేస్తే ఇంజను తిరుగుతూనే ఉంటుంది. ఆ తిరుగుడు గేర్‌బాక్సుకు చేరాలి. అక్కడినుంచి చక్రాలకు చేరాలి. ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య ఉండేదే క్లచ్. పెడల్ తొక్కితే రెండూ విడిపోతాయి. అప్పుడు గేరు మార్చవచ్చు. పెడల్ వదిలితే మళ్లీ కలుస్తాయి.

మనం కాలితో తొక్కేది పెడల్‌ను. క్లచ్ ప్లేటు మాత్రం ఎక్కడో లోపల ఉంటుంది. ఈ రెండింటినీ కలిపేవి ఇనుప రాడ్లు, లివర్లు. గడ్డపారతో బండరాయిని లేపుతాం కదా! గడ్డపార పైకొస ఎక్కువ దూరం కదులుతుంది. రాయి కొద్దిగానే లేస్తుంది. దూరం తగ్గి, బలం పెరుగుతుంది. క్లచ్ లివర్లు కూడా అంతే. పెడల్ జానెడు కదిలితే, లోపల బేరింగు కొద్ది దూరమే కదులుతుంది.

ఒక రాడ్డు ఇంకో లివరును కలిసేచోట ఒక పిన్ను ఉంటుంది. కొన్నిచోట్ల పిన్ను చుట్టూ బుష్ ఉంటుంది. ఇవే బండి కీళ్లు. బండి కింద ఉంటాయి కాబట్టి వీటికి దుమ్ము, బురద, నీళ్లు తగులుతాయి. గ్రీజు లేకపోతే పిన్ను అరిగి సన్నబడుతుంది. గుండ్రటి రంధ్రం కోడిగుడ్డులా సాగుతుంది.

ఒక చిన్న లెక్క

ఒక బండిలో చివరి రాడ్డు 15 మిల్లీమీటర్లు కదిలితే క్లచ్ పూర్తిగా విడిపోతుంది అనుకుందాం. దారిలో 4 కీళ్లున్నాయి. ఒక్కో కీలు అరిగి, రాడ్డుకు చేరే కదలికలో 1 మిల్లీమీటరు చొప్పున తగ్గించింది.

4 × 1 = 4 మిల్లీమీటర్లు.

15 – 4 = 11 మిల్లీమీటర్లు.

పెడల్ పూర్తిగా తొక్కినా రాడ్డు 11 మిల్లీమీటర్లే కదిలింది. క్లచ్ సగం విడిపోయి, సగం విడిపోక ఉంటుంది. అందుకే గేరు కరకరమంటుంది. చూశారా! ఒక్కో కీలు కొంచెమే అరిగింది. అన్నీ కలిస్తే బండి ఆగింది.

ప్లేటు పోయిందా? కీలు అరిగిందా?

పెడల్‌ను చేత్తో మెల్లగా నొక్కండి. మొదట కొంత దూరం తేలిగ్గా దిగుతుంది. తర్వాత గట్టిగా తగులుతుంది. ఆ తేలిక దూరాన్ని మెకానిక్కులు 'ప్లే' అంటారు. రాడ్లున్న చాలా పాత బండ్లలో ఇది సుమారు 20 నుంచి 25 మిల్లీమీటర్లు, అంటే దాదాపు ఒక అంగుళం ఉంటుంది. మీ బండి పుస్తకంలో ఎంత రాసి ఉందో చూడండి. ఆ లెక్కే సరైనది.

కీళ్లు అరిగితే ప్లే పెరుగుతుంది. పెడల్ వదులుగా ఊగుతుంది. చాలా దూరం దిగాక గాని పని చేయదు. గేరు పడేటప్పుడు, ముఖ్యంగా రివర్సు గేరు వేసేటప్పుడు చప్పుడొస్తుంది.

ప్లేటు అరిగితే ఇందుకు విరుద్ధం. ప్లే తగ్గిపోతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను గట్టిగా అరుస్తుంది గాని బండి ముందుకు లాగదు. మాడిన వాసన వస్తుంది.

ఈ రెండు గుర్తులూ తెలిస్తే, చేతిలో స్కేలు ఉంటే చాలు. మెకానిక్కును సరైన ప్రశ్న అడగవచ్చు.

పనికి ముందు జాగ్రత్తలు

బండిని చదును నేల మీద ఆపాలి. ఇంజను చల్లారాలి. హ్యాండు బ్రేకు వేయాలి. చక్రాలకు ముందూ వెనుకా చెక్క దిమ్మలు పెట్టాలి. బండి తాళంచెవి కిందికి దూరిన మనిషి జేబులోనే ఉండాలి. జాకీ ఒక్కటే పెట్టి బండి కిందికి ఎవరూ పోకూడదు. జాకీ జారితే ప్రాణం పోతుంది. గట్టి స్టాండ్లు కూడా పెట్టాలి.

రిపేరు ఎలా చేస్తారు?

1. ఒకరు పెడల్‌ను చేత్తో మెల్లగా నొక్కాలి. ఇంకొకరు టార్చిలైటు వేసి కింద చూడాలి. ఒక లివరు కదిలి, దాని పక్క రాడ్డు కదలకుండా ఉందా? అరిగిన కీలు అదే. కదిలేచోట వేళ్లు పెట్టవద్దు.

2. రాడ్డు చివర మరలు ఎన్ని బయటికి కనిపిస్తున్నాయో లెక్కపెట్టి నోటు పుస్తకంలో రాయాలి. మళ్లీ బిగించేటప్పుడు పనికొస్తుంది.

3. బురదను కిరోసిన్ గుడ్డతో తుడవాలి. దగ్గర బీడీ, అగ్గిపుల్ల ఉండకూడదు.

4. స్ప్రింగును జాగ్రత్తగా విప్పాలి. అది ఎగిరి కంటికి తగలవచ్చు. తర్వాత స్ప్లిట్ పిన్ను, వాషరు, పెద్ద పిన్ను తీయాలి. తీసినవి తీసిన వరసలో పళ్లెంలో పెట్టాలి.

5. పిన్ను మీద గోరుతో గీరండి. మెట్టులా తగిలితే అది అరిగినట్టే. కొత్తది వేయాలి. పాత పిన్నును షాపుకు పట్టుకెళ్లి, అరగని చోట లావు చూసి తెచ్చుకోవాలి. పిన్ను బదులు మేకు, తీగ పెట్టనివ్వకండి. అది దారిలో తెగుతుంది.

6. బుష్ ఉంటే కొత్త బుష్ వేయాలి. బుష్ లేకుండా రంధ్రమే సాగిపోతే ఆ ముక్కను లేత్ షెడ్డుకు తీసుకెళ్లాలి. అక్కడ రంధ్రాన్ని వెల్డింగుతో పూడ్చి, సరైన కొలతకు మళ్లీ రంధ్రం వేస్తారు. లేదా పెద్దది చేసి బుష్ కొడతారు.

7. గ్రీజు రాసి బిగించాలి. స్ప్లిట్ పిన్ను ఎప్పుడూ కొత్తదే వేయాలి. దాని రెండు కాళ్లనూ చెరోవైపు వంచాలి. స్ప్రింగు మళ్లీ తగిలించాలి.

8. ఇప్పుడు ప్లే కొలవాలి. అంతకుముందు అరుగుదలను కప్పిపుచ్చడానికి ఎవరో నట్టు బిగించి ఉండవచ్చు. కొత్త పిన్నులు వేశాక ఆ బిగింపు ఎక్కువవుతుంది. ప్లే అసలే లేకుండా పోతుంది. అలా వదిలేస్తే బేరింగు, ప్లేటు రెండూ పాడవుతాయి. కాబట్టి నట్టును అర చుట్టు తిప్పాలి, కొలవాలి. మళ్లీ తిప్పాలి, కొలవాలి. కొలత సరిపోయాక చెక్ నట్టు బిగించాలి.

9. బండి కింద, ముందు, వెనుక ఎవరూ లేకుండా చూసి ఇంజను స్టార్టు చేయాలి. బ్రేకు తొక్కి ఉంచాలి. క్లచ్ పూర్తిగా తొక్కి, కొద్ది క్షణాలు ఆగి రివర్సు గేరు వేయాలి. చప్పుడు లేకుండా పడితే పని కుదిరినట్టే.

ఇంత చేసినా చప్పుడు పోకపోతే తప్పు లోపల ఉండవచ్చు. అప్పుడు గేర్‌బాక్సు దించక తప్పదు. అది అనుభవమున్న మెకానిక్కు పని. కానీ పిన్ను చూడకుండా ప్లేటు మార్చడం మాత్రం చెప్పు కరిస్తే కాలు కోయించుకున్నట్టే.

కొన్ని బండ్లలో రాడ్డుకు బదులు తీగ ఉంటుంది. తీగ పోగులు ఊడుతున్నాయేమో చూడాలి. కొన్నింటిలో ఆయిలుతో క్లచ్ పనిచేస్తుంది. ఆయిలు తగ్గిందా, ఎక్కడైనా కారుతోందా అని చూడాలి.

నట్టు బిగిస్తే సరిపోదా?

"నట్టు కొంచెం బిగించక్కా, ఇంకో నెల నడుస్తుంది" అని కొందరంటారు. నట్టు బిగిస్తే ప్లే తగ్గుతుంది. అరుగుదల తగ్గదు. సన్నబడిన పిన్ను ఒకరోజు తెగుతుంది. పెడల్ ఒక్కసారిగా కిందికి పడిపోతుంది. గేరులో ఉన్న బండిని క్లచ్ విడదీయలేదు.

అలా జరిగితే డ్రైవరు కంగారుపడకూడదు. యాక్సిలరేటరు వదిలి, బ్రేకు వేస్తూ, గేరును న్యూట్రల్‌లోకి లాగాలి. న్యూట్రల్‌లోకి రాకపోతే బ్రేకు మీదే బండిని ఆపాలి. ఇంజను అదే ఆగిపోతుంది. సంతలో, బడి ముందు, ఘాట్ రోడ్డు మీద ఇలా అయితే ఎంత ప్రమాదమో ఆలోచించండి. చిన్న పిన్ను దగ్గర చేసిన పొదుపు పొదుపు కాదు.

బండి పుస్తకం రాయండి

సంఘం లెక్కల పుస్తకం ఉన్నట్టే బండికీ ఒక పుస్తకం పెట్టండి. ఇలా రాయండి:

తేదీ. బండి తిరిగిన కిలోమీటర్లు.
మార్చినవి: పిన్నులు 2, బుష్‌లు 2, స్ప్లిట్ పిన్నులు 2.
ప్లే: రిపేరుకు ముందు 55 మి.మీ., తర్వాత 22 మి.మీ.
ఖర్చు. పని చేసినవారి పేరు.

మార్చిన పాత సామాను తిరిగి అడిగి తీసుకోండి. బిల్లులో రాసినవీ, చేతికొచ్చిన పాత ముక్కలూ సరిపోతున్నాయా చూడండి. ఇందులో మొహమాటం అక్కర్లేదు. ఇది ఎవరినీ అనుమానించడం కాదు. లెక్క చూసుకోవడం.

చెప్పండి – చేయండి

1. కీళ్లు అరిగితే ప్లే పెరుగుతుందా, తగ్గుతుందా?
2. ప్లేటు అరిగితే ఏ గుర్తులు కనిపిస్తాయి?
3. ఒక బండిలో 5 కీళ్లున్నాయి. ఒక్కో కీలు 2 మిల్లీమీటర్ల కదలికను తగ్గించింది. మొత్తం ఎంత తగ్గింది?
4. మీ ఊళ్లో బండి గాని, ట్రాక్టరు గాని ఉన్నవారిని అడిగి, ఆగి ఉన్న బండి క్లచ్ ప్లే స్కేలుతో కొలవండి. కొలత మీ పుస్తకంలో రాయండి.