గాలి చొరని పురం

లోకాల నడుమ రాజకీయాలు, పరలోక దండయాత్రలు నేటి వైజ్ఞానిక నవలలకు ప్రియమైన వస్తువులు. 16వ శతాబ్దంలో నంద్యాల ప్రభువు కృష్ణమరాజుకు ‘కళాపూర్ణోదయము’ను అంకితమిచ్చిన పింగళి సూరన, తన ‘ప్రభావతీ ప్రద్యుమ్నము’లో అటువంటి కథనే స్వీకరించాడు. నంద్యాల 2022 వరకు కర్నూలు జిల్లాలోనిది. కథకు మూలం హరివంశం.

రాక్షసరాజు వజ్రనాభుడు బ్రహ్మ వరం వల్ల వజ్రపురాన్ని పొందాడు. అతని అనుమతి లేనిదే అందులో గాలి సైతం చొరదు. ఆ ధీమాతో అతడు స్వర్గాధిపత్యాన్ని తనకు అప్పగించమన్నాడు. ఇంద్రుడు కయ్యానికి దిగక, మాటలతో గడువు సంపాదించి, శ్రీకృష్ణుని సాయం కోరాడు. రాజనీతిలో కాలయాపన కూడా ఒక ఆయుధమే కదా!

సేనలకు అసాధ్యమైన ఆ కోటలో శుచిముఖి అనే హంస అడుగుపెట్టింది. ప్రద్యుమ్నుని గుణగణాలను వర్ణించి వజ్రనాభుని కుమార్తె ప్రభావతి మనసులో అనురాగాన్ని పెంచింది. భద్రుడనే నటుని నైపుణ్యాన్ని రాజు ఎదుట ప్రశంసించింది. నాటకం చూడాలనే వేడుకతో రాజు ఆ నటబృందాన్ని స్వయంగా రప్పించుకొన్నాడు. వేషధారియై ప్రద్యుమ్నుడు వారితోనే ప్రవేశించాడు. గాలిని నిలువరించిన కోట కళకు తలుపు తీసింది.

చివరకు యుద్ధంలో వజ్రనాభుడు ప్రద్యుమ్నుని చేతిలో హతుడయ్యాడు. ఇంద్రునికి స్వర్గం నిలిచింది. ప్రభావతికి భర్త దక్కాడు, తండ్రి దక్కలేదు. ఈ ప్రబంధాన్ని సూరన ఏ రాజుకూ ఇవ్వక, తన తండ్రి అమరనామాత్యునికి అంకితం చేశాడు.